శ్రీధరన్ ఉత్తరం, హైదరాబాద్ మెట్రో

2025 సెప్టెంబరులో హైదరాబాద్ మెట్రో తొలి దశను ఎల్ అండ్ టీ సంస్థ నుంచి తన చేతికి తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అంగీకరించింది. సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును ప్రభుత్వం తన నెత్తికెత్తుకోవాలి. ఆపైన సంస్థ వాటా కింద దాదాపు 2,000 కోట్లు చెల్లించాలి. ఆ వార్త వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం అమీర్‌పేట స్టేషన్‌లో, నాగోల్ వైపు రైలు కోసం నిలబడ్డ జనంలో, ఇద్దరు పెద్దవాళ్లు ఫోన్‌లో పేపరు చదువుకుంటూ మాట్లాడుకోవడం విన్నాను. "శ్రీధరన్ గారు ఆనాడే చెప్పారండీ, ఎవరు విన్నారు?" అన్నారు వారిలో ఒకరు. ఆ తరవాత అదే మాట టీ కొట్టు దగ్గరా, ఆఫీసులోనూ చాలాసార్లు విన్నాను.

ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే ఉంది. ఢిల్లీ మెట్రోను కట్టించిన ఇంజనీరు శ్రీధరన్ 2008లో రాసిన ఒక ఉత్తరంలో ఏమని హెచ్చరించారో, చివరికి హైదరాబాద్‌లో ఏమి జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే, జరిగినది ఆయన భయపడినదానికి దాదాపు తలకిందులుగా కనిపిస్తుంది. ప్రజల భూమితో ప్రైవేటు సంస్థ మితిమీరి లాభపడుతుందని ఆయన భయపడ్డారు. తరవాత కట్టిన సంస్థ ఏటేటా నష్టపోయింది. అయినా ఆ భయానికీ ఈ నష్టానికీ వేరు ఒక్కటేనని నా అభిప్రాయం. ఆ వేరు ఎక్కడుందో పట్టుకోవాలంటే ముందు ఆయన ఉద్యోగ జీవితాన్ని చూడాలి, ఎందుకంటే ఆ ఉత్తరంలోని అభ్యంతరానికి వెనక అర్ధ శతాబ్దపు పని అనుభవం ఉంది.

ఎలాట్టువళపిల్ శ్రీధరన్ 1932 జూన్ 12న, ఇప్పటి కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో పుట్టారు. ఇంజనీరింగ్ చదివింది మాత్రం మన కాకినాడలో, ఈనాటి జేఎన్‌టీయూ కాకినాడకు పూర్వరూపమైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో. పాలక్కాడ్‌లో ఆయనతో కలిసి చదువుకున్న టి.ఎన్. శేషన్‌కు కూడా అక్కడ సీటు వచ్చిందట; శేషన్ మద్రాసు దారి పట్టి, తరవాత దేశం ఎరిగిన ఎన్నికల కమిషనర్ అయ్యారు. శ్రీధరన్ కొద్దికాలం కోళిక్కోడ్‌లో పాఠాలు చెప్పి, కొంతకాలం బొంబాయి పోర్టులో శిక్షణ పొంది, ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్ష నెగ్గి, 1954లో దక్షిణ రైల్వేలో ప్రొబేషనరీ అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. మొదటి పదేళ్లు ఏ రైల్వే ఇంజనీరుకైనా ఉండే పదేళ్లే.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోటిని సముద్రంలో కలిపేసింది. ఒక ప్యాసింజరు రైలు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. రామేశ్వరం దీవిని దేశంతో కలిపే పాంబన్ వంతెన మీద దాదాపు 125 గర్డర్లు పెళ్లగిలి నీటిలో పడ్డాయి. వంతెన బాగు చేయడానికి ఆరు నెలలు పడుతుందని రైల్వే లెక్క వేసింది. దక్షిణ రైల్వే జనరల్ మేనేజర్ ఆ గడువును మూడు నెలలకు కుదించి, ముప్పై రెండేళ్ల శ్రీధరన్‌కు పని అప్పగించారు. అన్ని గర్డర్లు కొత్తగా చేయించాలంటేనే నెలలు గడిచిపోతాయి. వేరే చోట్ల నుంచి తెప్పించాలంటే వాటిని దేశం చివరికంటా మోసుకురావాలి. ఈ లోగా అక్కడి జాలర్లు, పడిపోయిన గర్డర్లు సముద్రం అడుగున ఎక్కడెక్కడ ఉన్నాయో తాము చూపిస్తామన్నారు. శ్రీధరన్ ఆ మాట నమ్మి వెతికించారు. ఉప్పునీటిలో మునిగి ఉన్న ఇనుప గర్డర్లను ఒక్కొక్కటిగా పైకి లాగి, వంకరలు సరిచేసి, వాటి స్తంభాల మీద తిరిగి కూర్చోబెట్టారు. మొత్తం పని 46 రోజుల్లో పూర్తయింది.

ఈ కథను ఆయన పట్టుదలకు నిదర్శనంగా చెప్పడం మామూలు. పట్టుదల ఉంది, కాదనను; కానీ నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి. జాలరి చెప్పిన మాట విని, ఆ రోజే పథకం మార్చేసి, డబ్బు దానికి ఖర్చు పెట్టగల అధికారం పని జరిగే చోటనే ఉన్న ఒక మనిషి చేతిలో ఉంది. అదే మాట ఫైలు రూపంలో మద్రాసుకు వెళ్లి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్లి, అకౌంట్స్ విభాగం పరిశీలన ముగించుకొని తిరిగి వచ్చేసరికి ఆ 46 రోజులూ అయిపోయేవి.

కలకత్తాలో ఆయన దీనికి పూర్తిగా ఎదురు దృశ్యం చూశారు. 1970 నుంచి 1975 వరకు దేశంలోని మొట్టమొదటి మెట్రో ప్రణాళిక, నమూనా పనులలో డిప్యూటీ చీఫ్ ఇంజనీరుగా ఉన్నారు. 1972లో శంకుస్థాపన జరిగిన ఆ మెట్రోలో తొలి రైలు 1984లో నడిచింది. పదహారున్నర కిలోమీటర్ల మార్గం పూర్తిగా తెరుచుకునేసరికి 1995 వచ్చింది. ఇంజనీర్లు తక్కువవాళ్లేమీ కారు. డబ్బు ఏటా బడ్జెట్ నుంచి కొసరి కొసరి రావడం, రోడ్డు ఒకరిది, నీటి పైపులు ఒకరివి, రైలు మరొకరిది కావడం, ఆలస్యానికి ఎవరూ జవాబు చెప్పవలసిన అవసరం లేకపోవడం ఆ పనిని కుంగదీశాయి.

ఇక్కడ రైల్వే వ్యవస్థ గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే రైల్వేలో పెద్ద పదవి అంటే ఏమిటో సికింద్రాబాద్‌లో ఉండే మనకు కూడా తరచు పొరపాటు అభిప్రాయమే ఉంటుంది. రైల్ నిలయంలో కూర్చునే దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ కింద వేలాది కిలోమీటర్ల పట్టాలు, లక్షకు దరిదాపుల్లో ఉద్యోగులు ఉంటారు. అయినా కొత్త లైను వేయాలా వద్దా, దానికి ఈ ఏడు ఎంత డబ్బు వస్తుంది అన్న నిర్ణయాలు ఆయనవి కావు. అవి ఢిల్లీలోని రైల్వే బోర్డువి, కేంద్ర బడ్జెట్‌వి. జనరల్ మేనేజర్ రైళ్లను నడుపుతారు. నిర్మించే అధికారం ఆయన చేతిలో కొంతవరకే ఉంటుంది. శ్రీధరన్ 1987లో పశ్చిమ రైల్వే జనరల్ మేనేజర్ అయ్యారు, 1989లో రైల్వే బోర్డు ఇంజనీరింగ్ సభ్యుడయ్యారు, 1990లో రిటైరయ్యారు. ఒక రైల్వే ఇంజనీరు ఎక్కగల మెట్లు దాదాపు అన్నీ ఎక్కేశారు. ఆ మధ్యలో కొచ్చిన్ షిప్‌యార్డుకు అధిపతిగా ఉండి, అక్కడ కట్టిన తొలి ఓడ 'రాణి పద్మిని'ని 1981లో నీటిలోకి దించారు. ఇంతటితో ఆయన జీవితం ముగిసి ఉంటే రైల్వే శాఖ బయట ఆయన పేరు తెలిసినవారు బహు తక్కువమంది ఉండేవారు.

రిటైరైన ఏడాదే కొంకణ్ రైల్వే మొదలైంది. ముంబయి దిగువన ఉన్న రోహా నుంచి మంగళూరు వరకు, పడమటి కనుమలకూ సముద్రానికీ మధ్య, సుమారు 740 కిలోమీటర్ల లైను అది. రైల్వే బడ్జెట్ మీద ఆధారపడితే అది ఎన్ని దశాబ్దాలు పట్టేదో చెప్పలేం. అందుకని దానికి ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టారు: రైల్వే శాఖకు 51 శాతం వాటా, మహారాష్ట్రకు 22, కర్ణాటకకు 15, గోవాకు, కేరళకు చెరి 6. మిగతా డబ్బు బాండ్ల ద్వారా అప్పు తెచ్చారు. దాని అధిపతిగా శ్రీధరన్ మార్గాన్ని సెక్టార్లుగా విడదీసి, ఒక్కో దానికి ఒక్కో చీఫ్ ఇంజనీరును పెట్టి, వారికి ఆర్థిక అధికారాలు ఇచ్చారు. కాంట్రాక్టర్ల బిల్లులు నెలల తరబడి ఆగకుండా చూశారు. తొంభైకి పైగా సొరంగాలు, దాదాపు 2,000 వంతెనలు. రత్నగిరి దగ్గర పానవల్ నది మీద కట్టిన వంతెన స్తంభాలు 60 మీటర్లకు పైగా ఎత్తు. గోవాలోని పెర్నెం సొరంగంలో మెత్తటి మట్టి తవ్వినకొద్దీ కూలుతూ ఏళ్లకేళ్లు సతాయించింది. 1998 జనవరి 26న లైను పూర్తిగా తెరుచుకుంది.

కొంకణ్ ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన అభిమానులు తరచు వదిలేసే విషయం ఒకటుంది. ఆ బాండ్ల అప్పు, దాని మీద వడ్డీ, తరవాత ఏళ్ల తరబడి ఆ కార్పొరేషన్‌ను నొక్కేశాయి. కేంద్రం ఆదుకోవలసి వచ్చింది. అంటే ఆయన పద్ధతిలో కూడా రైలు మార్గం తన ఖర్చును తాను తిరిగి రాబట్టుకోలేదు. అయితే ఆ భారం పడింది దాని యజమానులైన ప్రభుత్వాల మీదే. హైదరాబాద్ చర్చలో ఈ తేడాయే ముఖ్యం.

1997లో ఆయన ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. అందులో కేంద్రానికీ ఢిల్లీ ప్రభుత్వానికీ సమాన వాటా. ఖర్చులో దాదాపు 60 శాతం జపాన్ నుంచి తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి వచ్చిన అప్పు. రెండు ప్రభుత్వాలూ సమాన యజమానులు కావడంతో ఏ ఒక్క మంత్రిత్వ శాఖా దాన్ని తన విభాగంలా నడపలేకపోయింది. టెండర్లు ఖరారు చేసే అధికారం కార్పొరేషన్‌లోనే ఉంది. 2002 డిసెంబరులో షాదరా, తీస్ హజారీల మధ్య తొలి రైలు నడిచింది. 65 కిలోమీటర్ల తొలి దశ గడువుకంటే ముందే పూర్తయింది. 2009 జూలైలో జమ్రుద్‌పుర్ దగ్గర కడుతున్న వంతెన కూలి కార్మికులు మరణించినప్పుడు, ఆయన బాధ్యత తనదేనంటూ రాజీనామా ఇచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ దాన్ని అంగీకరించలేదు. అధికారం ఎవరిదో బాధ్యత కూడా వారిదేనని ఆయన నమ్మారు, ఆ నమ్మకానికి కట్టుబడ్డారు కూడా.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. మన మెట్రో వివరమైన ప్రాజెక్టు నివేదికను తయారు చేసింది ఢిల్లీ మెట్రో కార్పొరేషనే. మూడు మార్గాలు, సుమారు 71 కిలోమీటర్లు. అయితే ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీ దారిలో వెళ్లలేదు. ప్రైవేటు సంస్థ తన డబ్బుతో కట్టి, కొన్ని దశాబ్దాలు నడుపుకొని, తరవాత ప్రభుత్వానికి అప్పగించే పద్ధతిని ఎంచుకుంది. ఈ పద్ధతిలో ఎంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో విడదీసి చూడకపోతే ఆ తరవాత జరిగింది అర్థం కాదు.

టికెట్ డబ్బుతో మెట్రో కట్టిన ఖర్చు తిరిగి రాదు. నడిపే ఖర్చు పోను మిగిలేది కట్టిన అప్పుకు వడ్డీ తీర్చడానికే చాలదు. టికెట్ ధర పెంచితే జనం బస్సుకో, బండికో మళ్లిపోతారు. ఆ లోటును ఎవరో ఒకరు పూడ్చాలి. ఢిల్లీలో రెండు ప్రభుత్వాలు పెట్టుబడి రూపంలో, చవక అప్పు రూపంలో పూడ్చాయి. ప్రైవేటు పద్ధతిలో రెండు దారులు ఉన్నాయి. మొదటిది 'వయబిలిటీ గ్యాప్ ఫండింగ్', అంటే లాభసాటి కాని ప్రాజెక్టుకు ప్రభుత్వం నేరుగా ఇచ్చే సాయం. కేంద్రం ఖర్చులో 20 శాతం వరకు, రాష్ట్రం మరో 20 శాతం వరకు ఇవ్వవచ్చు. ఎవరు తక్కువ సాయం అడిగితే వారికే కాంట్రాక్టు. రెండోది భూమి. డిపోల దగ్గరా స్టేషన్ల దగ్గరా ప్రభుత్వ భూములు ఇస్తే, సంస్థ అక్కడ మాల్‌లు, ఆఫీసులు కట్టి అద్దెలతో లోటు పూడ్చుకుంటుంది.

2008లో టెండర్లు తెరిచినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. మేటాస్ నాయకత్వంలోని సంస్థల కూటమి సాయం అక్కర్లేదంది. అంతటితో ఆగకుండా, 35 ఏళ్లలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురు చెల్లిస్తామంది. చాలామంది దీన్ని నగరానికి దక్కిన వరంగా చూశారు. శ్రీధరన్ దీన్ని ప్రమాద సూచికగా చూశారు. 2008 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లూవాలియాకు రాసిన ఉత్తరంలో, దాదాపు మూడు వందల ఎకరాల విలువైన ప్రభుత్వ భూమిని వాణిజ్య అవసరాలకు కట్టబెట్టడం తరతరాల ఆస్తిని అమ్ముకోవడం లాంటిదని, మెట్రోను తన సొంత భూముల వైపు పొడిగించుకొని లాభపడాలన్నది ఆ సంస్థ ఆలోచన అని, ఇది పెద్ద రాజకీయ కుంభకోణానికి దారి తీస్తుందని ఆయన అన్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఆగ్రహించింది, క్షమాపణ చెప్పమంది. ఆయన చెప్పలేదు. ఈ ప్రాజెక్టులో ఢిల్లీ మెట్రో సలహాదారు పాత్ర అంతటితో ముగిసింది.

నాలుగు నెలలు తిరగకుండానే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ లెక్కలలో మోసం బయటపడింది. మేటాస్ ఆ సత్యం అధిపతి కుటుంబానికే చెందిన సంస్థ. మెట్రోకు కావలసిన అప్పును అది సమకూర్చుకోలేకపోయింది. ప్రభుత్వం 2009 జూలైలో ఒప్పందాన్ని రద్దు చేసింది. "ఆనాడే చెప్పారు" అన్న మాట పుట్టింది ఇక్కడే. కానీ జాగ్రత్తగా చూడాలి. సత్యం మోసం గురించి శ్రీధరన్‌కు ముందుగా తెలియదు, ఆయన ఉత్తరం దాని గురించి కాదు. ఆయన చూసింది లెక్కలోని అసంబద్ధతను. టికెట్లతో నష్టపోయే వ్యాపారం కోసం ఎవరైనా ఎదురు డబ్బు ఇస్తామంటున్నారంటే, వారు కొంటున్నది రైలు వ్యాపారాన్ని కాదు, భూమి వ్యాపారాన్ని. ఢిల్లీ మెట్రో కూడా భూముల నుంచి కొంత రాబడి తెచ్చుకుంది. అంటే ఆయనకు భూమి రాబడి మీదనే వ్యతిరేకత లేదు. రైలు నడవడం భూమి ధర మీద ఆధారపడకూడదన్నదే ఆయన వాదనగా నేను చదువుతున్నాను.

రెండో టెండరులో 1,458 కోట్ల సాయం అడిగిన ఎల్ అండ్ టీకి పని దక్కింది. 2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరింది, అంచనా ఖర్చు 12,132 కోట్లు. ఈ సంస్థకు మార్గం పక్కన సొంత భూములు ఉన్నాయన్న ఆరోపణ లేదు. భారీ నిర్మాణాలలో పేరున్న సంస్థ. శ్రీధరన్ ఉత్తరంలోని వ్యక్తిగత అనుమానం ఇక్కడ వర్తించదు. అయినా ప్రాజెక్టు ఎముకల గూడు అదే. రాబడిలో సగం టికెట్ల నుంచి, 45 శాతం భూముల నుంచి, మిగిలిన 5 శాతం ప్రకటనల నుంచి రావాలన్నది లెక్క. 269 ఎకరాలు, కోటీ 85 లక్షల చదరపు అడుగుల నిర్మాణానికి అనుమతి.

పంజాగుట్ట కూడలిలో స్తంభాలు లేస్తున్న రోజుల్లో బస్సు కిటికీ పక్కన గంటలు గడిపిన వాళ్లలో నేనూ ఒకడిని. ఆ ఊచల గూళ్లు చూసి మెట్రో వచ్చేస్తోందని సంబరపడేవాళ్లం. దాని బతుకుతెరువు స్తంభాల పక్కన లేవవలసిన మాల్‌ల మీద ఉందని మాకు తట్టలేదు. స్థల సేకరణ కోర్టుల్లో చిక్కుకుంది. రాష్ట్ర విభజన తరవాత సుల్తాన్ బజార్, అసెంబ్లీ, పాతబస్తీల దగ్గర మార్గం మార్చాలన్న చర్చతో మరింత కాలం గడిచింది. 2017 నవంబరు 28న ప్రారంభం జరిగింది, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్), మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) మార్గం తెరుచుకుంది. ఆ తరవాతి నెలే కరోనా. ఐదున్నర నెలలు రైలు కదల్లేదు, కానీ వడ్డీ మాత్రం ఆగలేదు. తరవాత ప్రయాణికులు తిరిగి వచ్చి రోజుకు 5 లక్షలకు కాస్త అటూఇటూగా నిలిచారు. ఎర్రమంజిల్, పంజాగుట్ట, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్‌లు లేచాయి. అనుమతించిన కోటీ 85 లక్షల అడుగుల్లో అవి కొద్ది భాగమే.

ఇప్పుడు ఆ 'వేరు' దగ్గరకు రావచ్చు. భూమి ధరలు అనుకున్నదానికంటే పెరిగితే సంస్థకు అయాచిత లాభం. అది శ్రీధరన్ భయం. భూమి మీద నిర్మాణం అనుకున్నట్టు సాగకపోతే సంస్థకు భరించలేని నష్టం. అది మనం చూసింది. రెండు సందర్భాల్లోనూ రోజూ లక్షల మంది ఎక్కే రైలు, రైలుతో సంబంధం లేని ఒక మార్కెట్ మీద వేలాడుతోంది. పైగా ఆ రెండో సందర్భంలో సంస్థ తప్పుకోవచ్చు గాని నగరం తప్పుకోలేదు. నాగోల్ రైలును రేపటి నుంచి ఆపేస్తామని ఏ ప్రభుత్వమూ అనజాలదు కాబట్టి, నష్టభయం ప్రైవేటుదని కాగితం మీద ఎంత గట్టిగా రాసుకున్నా, అది చివరికి ప్రజల ఖజానాకే చేరుతుంది. 2025లో జరిగింది అదే. దీనికి ఆ సంస్థనో, ఒక అధికారినో నిందించడం నాకు న్యాయంగా తోచదు. పదిహేడేళ్లకు పైగా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ మెట్రో రైల్‌ను నడిపిన ఎన్.వి.ఎస్. రెడ్డి కూడా రైల్వే అకౌంట్స్ సర్వీసు నుంచి వచ్చినవారే. ఆయన కుర్చీకి శ్రీధరన్ కుర్చీకి ఉన్న పేరే ఉన్నా, అధికారం వేరు: స్థలం అప్పగించడం, అనుమతులు తేవడం, ఒప్పందం అమలు చూడడం ఈయన పని, డబ్బు, నిర్మాణం, రైళ్లు మరొకరి చేతిలో.

ఢిల్లీని ఆదర్శంగా చూపేవారు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. శ్రీధరన్ ఉన్న కాలంలోనే ఢిల్లీ విమానాశ్రయ మార్గాన్ని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టారు. వంతెనలు, సొరంగాలు ఢిల్లీ మెట్రో కట్టింది, రైళ్లు నడిపే పని రిలయన్స్ ఇన్‌ఫ్రా సంస్థ తీసుకుంది. 2011లో తెరిచిన ఆ మార్గం, కట్టడాల్లో లోపాలు కనిపించడంతో 2012 జూలైలో మూతపడింది. 2013లో సంస్థ తప్పుకుంది, ఢిల్లీ మెట్రో నడపడం మొదలుపెట్టింది. ఎవరిది తప్పు అన్న వివాదం 2024 దాకా సుప్రీంకోర్టులో సాగింది. అంటే ఆయన నీడలో కూడా, కట్టేవారు ఒకరు, నడిపేవారు ఒకరు అయిన చోట ఫలితం ఇలాగే ఉంది. అది ఆయన 2008 వాదనను బలపరిచేదే గాని, ఆయన చేయి పడితే చాలు ఏదైనా నిలబడుతుందన్న నమ్మకాన్ని మాత్రం నిలబెట్టదు.

ఇక రెండో దశ. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కేంద్రానికి పంపిన ప్రతిపాదనలో ఐదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల ఖర్చు ఉన్నాయి. తొలి దశలో మిగిలిపోయిన పాతబస్తీ మార్గాన్ని పొడిగించి చాంద్రాయణగుట్ట దాకా తీసుకువెళ్లే లైను అందులో ఒకటి. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం పెడతాయి. 48 శాతం తక్కువ వడ్డీ అప్పు. రెండు ప్రభుత్వాల సమాన వాటాలతో ఉమ్మడి సంస్థ. ప్రైవేటు భాగస్వామ్యానికి మిగిలింది 4 శాతం.